పొట్టి రైఫిళ్లకు దొడ్డిదారి తెరవనివ్వొద్దు! ఇవాళే సెనేట్‌కు ఫోన్ చేద్దాం!

ఉత్తర టెక్సాస్ తెలుగువారికి విజ్ఞప్తి
జూన్ 2023



జూన్ 13 మంగళవారం నాడు వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ ఒక తీర్మానాన్ని నెగ్గించింది. అనుకూలం 219, వ్యతిరేకం 210. తుపాకీకి తగిలించే ‘బ్రేస్’ అనే పరికరం మీద ఫెడరల్ ప్రభుత్వం ఈ జనవరిలో తెచ్చిన నిబంధనను కొట్టేయాలన్నది ఆ తీర్మానం. దాన్ని ప్రవేశపెట్టింది జార్జియా సభ్యుడు ఆండ్రూ క్లైడ్. ఆయనకు సొంతంగా తుపాకుల దుకాణముంది. సెనేట్‌లో అలాంటి తీర్మానాన్నే లూసియానా సెనేటర్ జాన్ కెనెడీ పెట్టారు. దాని మీద ఓటింగ్ ఏ రోజైనా జరగొచ్చు. మనకు మిగిలింది రోజులే, నెలలు కావు.

ఈ కాగితం చేతికిచ్చినప్పుడు చాలామంది అడిగే మొదటి మాట “మనకెందుకండీ ఇదంతా?” అని. మే 6 తర్వాత కూడా ఆ మాట అనగలమా? ఆ శనివారం మధ్యాహ్నం అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో కాల్పులకు ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో పసిపిల్లలున్నారు. మన తెలుగింటి ఆడపిల్ల కూడా ఉంది. ప్లానోలో, ఫ్రిస్కోలో, మెకిన్నీలో ఆ మాల్‌కు వెళ్లని తెలుగు కుటుంబం ఉందా? ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే తిరుగు ప్రయాణానికి సూట్‌కేసులు నింపేది అక్కడి నుంచే కదా. ఆ సాయంత్రం ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ “మీరంతా క్షేమమేనా” అన్న మాటే. ఊళ్ల నుంచి ఆగకుండా ఫోన్లు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాం. ఈ బ్రేస్ నిబంధన అమల్లో ఉంటే అలెన్ ఘోరం జరిగేది కాదని మేం అనడం లేదు. అలా చెప్పి మీ దుఃఖాన్ని వాడుకోవడం తప్పు. ఆ రాత్రి మనమంతా “మనం చేయగలిగింది ఏమీ లేదా?” అనుకున్నాం. ఉంది. ఈ వారమే చేయగలిగింది, రెండు నిమిషాల్లో అయిపోయేది ఒకటి ఉంది. దాని గురించే ఈ కరపత్రం.

ముందు ఈ వస్తువేమిటో చూద్దాం. రైఫిల్‌ను భుజానికి ఆనించి కాలుస్తారు. చేతి తుపాకీని చేత్తో పట్టుకుని కాలుస్తారు. ఏఆర్-15 రకం రైఫిల్‌నే గొట్టం కురచ చేసి, వెనక బట్ తీసేసి ‘పిస్టల్’ అని అమ్మడం ఎప్పటి నుంచో ఉంది. అంత బరువైనదాన్ని ఒక్క చేత్తో నిలకడగా పట్టుకోవడం కష్టం. 2012లో ఒక వికలాంగ మాజీ సైనికుడి కోసం ముంజేతికి పట్టీలా చుట్టుకునే పరికరాన్ని తయారుచేశారు. అదే స్టెబిలైజింగ్ బ్రేస్. మొదట్లో ఆ ఉద్దేశం మంచిదే. ఆయుధాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ కూడా అప్పుడు సరేనంది. రాను రాను బ్రేస్ వెడల్పయింది, పొడవు పెరిగింది, భుజానికి ఆనించడానికి వీలుగా తయారైంది. ముంజేతికి పట్టీ కట్టుకునేవాళ్లు కొద్దిమందే. భుజానికి ఆనించి కాల్చేవాళ్లే ఎక్కువయ్యారు. భుజానికి ఆనించి కాల్చే పొట్టి గొట్టపు తుపాకీ అంటే అది పొట్టి రైఫిలే. నంబర్ ప్లేటు మార్చినంత మాత్రాన లారీ ఆటో అయిపోదు.

పొట్టి రైఫిల్ మీద ఈ దేశంలో చట్టం ఇవాళ నిన్నటిది కాదు. 1929లో షికాగోలో వాలెంటైన్స్ డే నాడు ముఠాల కక్షల్లో ఏడుగుర్ని గోడకు నిలబెట్టి కాల్చేశారు. అలాంటి హత్యలు దేశాన్ని వణికించిన ఆ రోజుల నుంచి పుట్టిందే 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్. మెషిన్ గన్లు, సైలెన్సర్లు, పొట్టి గొట్టపు షాట్‌గన్లు, రైఫిళ్లు దాని కిందికి వచ్చాయి. ఈ 2023లో 16 అంగుళాల కన్నా కురచ గొట్టమున్న రైఫిల్ కావాలంటే ఏటీఎఫ్ దగ్గర నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఫొటో ఇవ్వాలి, 200 డాలర్ల పన్ను కట్టాలి. 1934లో 200 డాలర్లంటే ఇప్పటి లెక్కలో నాలుగు వేల డాలర్ల పైమాటే. ఆ అంకె ఇంతవరకూ పెరగలేదు.

పొట్టి రైఫిల్ మీదే ఎందుకంత పట్టింపు? రైఫిల్ తూటాకు ఉన్న వేగం చేతి తుపాకీ తూటాకు ఉండదు. మామూలు పోలీసు చొక్కా లోపల వేసుకునే రక్షణ కవచాన్ని రైఫిల్ తూటా చీల్చుకుపోతుంది. అయితే రైఫిల్ పొడవుగా ఉంటుంది. దాన్ని కోటు కింద, బ్యాగులో దాచి నలుగురిలోకి తీసుకుపోవడం కష్టం. గొట్టం కురచ చేస్తే ఆ అడ్డు కూడా పోతుంది. రైఫిల్ బలం, దాచుకునే వీలు రెండూ ఒకే చేతిలోకి వస్తాయి. 1934లో చట్టం చేసినవాళ్లకు ఇది తెలుసు. అందుకే పొట్టి రైఫిల్‌ను వేరుగా పట్టుకున్నారు.

బ్రేస్ ఈ 89 ఏళ్ల చట్టాన్ని చుట్టూ తిరిగి దాటేసే దారి అయింది. ఆ దారిలో ఏం జరిగిందో వినండి. 2019 ఆగస్టు 4న ఒహాయోలోని డేటన్‌లో బార్ల వీధిలో ఒకడు బ్రేస్ ఉన్న ఏఆర్ తుపాకీతో అరనిమిషంలో తొమ్మిది మందిని చంపాడు. పోలీసులు పక్కనే ఉన్నారు, వెంటనే వాణ్ణి కాల్చేశారు. అంత వేగంగా వచ్చినా తొమ్మిది ప్రాణాలు దక్కలేదు. 2021 మార్చి 22న కొలరాడోలోని బౌల్డర్‌లో కింగ్ సూపర్స్ కిరాణా దుకాణంలో పది మంది చనిపోయారు. వాళ్లలో ఒకరు కాల్పుల మోత విని వచ్చిన పోలీసు అధికారి. అక్కడా బ్రేస్ ఉన్న ఏఆర్ పిస్టలే. ఈ ఏడాది మార్చి 27న నాష్‌విల్‌లోని కవనెంట్ స్కూల్లో తొమ్మిదేళ్ల పిల్లలు ముగ్గురు, పెద్దవాళ్లు ముగ్గురు చనిపోయారు. అక్కడికి తెచ్చిన ఆయుధాల్లో ఒకదానికి బ్రేస్ ఉంది. తొమ్మిదేళ్లంటే మూడో తరగతి. మన పిల్లలు కుమాన్ హోంవర్క్ అంటే ఏడ్చే వయసు.

బౌల్డర్ తర్వాత ప్రభుత్వం కదిలింది. 2021లో ముసాయిదా పెట్టారు. ప్రజల నుంచి 2,37,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. తుది నిబంధనను 2023 జనవరి 31న ప్రచురించారు. అందులో ఉన్నది ఇంతే: పొట్టి గొట్టపు తుపాకీకి బ్రేస్ పెట్టి, అది భుజానికి ఆనించి కాల్చే తీరున ఉంటే, చట్టం దృష్టిలో అది పొట్టి రైఫిలే. బరువు, పొడవు, వెనక భాగం వైశాల్యం, గురిచూసే సాధనం, తయారీదారు ప్రకటనల్లో చెప్పుకునే మాటలు, వీటన్నిటినీ చూసి తేలుస్తారు. దగ్గరున్నవాళ్లకు 120 రోజుల గడువిచ్చారు. ఆ గడువులో నమోదు చేసుకుంటే 200 డాలర్ల పన్ను కూడా వద్దన్నారు. మే 31తో అది ముగిసింది. నమోదుకు రెండున్నర లక్షల దరఖాస్తులు వచ్చాయి.

16 అంగుళాల గొట్టమున్న మామూలు ఏఆర్-15ను ఈ నిబంధన ముట్టుకోదు. మామూలు పిస్టల్‌నూ ముట్టుకోదు. వికలాంగుల చేతికి నిజంగా ఆధారంగా పనిచేసే, భుజానికి ఆనించే తీరున లేని బ్రేస్‌నూ ముట్టుకోదు. “తుపాకులు లాక్కుంటున్నారు” అని మీకు ఎవరైనా ఫార్వర్డ్ పంపితే ఈ మూడు మాటలు తిరిగి పంపండి.

అవతలివాళ్ల వాదనలో బలం లేదని మేం అనం. ఏటీఎఫ్ పదేళ్లలో మాట మార్చింది, అది నిజం. 2012లో పర్వాలేదంది. 2015లో భుజానికి ఆనిస్తే కుదరదంది. 2017లో మళ్లీ వెనక్కి తగ్గింది. ఆ మాటలు నమ్మి దుకాణంలో న్యాయంగా కొనుక్కున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. దేశంలో ఇలాంటి బ్రేసులు 30 లక్షలని ఏటీఎఫ్ అంచనా. కాంగ్రెస్ సొంత పరిశోధన విభాగం కోటి నుంచి 4 కోట్ల వరకూ ఉండొచ్చంది. నమోదు లేకుండా దగ్గర పెట్టుకుంటే పదేళ్ల వరకు జైలు పడొచ్చు. ఒక కొనుగోలుదారుడు నిన్నటి వరకూ చట్టబద్ధంగా ఉండి ఇవాళ నేరస్తుడు కావడం అన్యాయమని అంటే ఆ మాట వినాల్సిందే. కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి. మన న్యూ ఆర్లియన్స్ అప్పీల్ కోర్టు మే 23న ఫిర్యాదుదారుల వరకు అమలును ఆపింది కూడా. ఆ వాదనలు అక్కడ తేలనివ్వండి. గడువు పెంచమనండి, శిక్ష తగ్గించమనండి, కాంగ్రెసే కూర్చుని స్పష్టంగా చట్టం చేయమనండి. వాటిలో దేనికైనా మేమూ సంతకం పెడతాం.

కానీ ఈ తీర్మానంలో అవేవీ లేవు. ఇక్కడే మీరు నిలబడి చదవాలి. 1996 నాటి కాంగ్రెషనల్ రివ్యూ యాక్ట్ కింద తెచ్చిన తీర్మానమిది. ఈ చట్టం కింద వచ్చిన తీర్మానానికి సెనేట్‌లో మామూలుగా కావలసిన 60 ఓట్లు అక్కర్లేదు, సాధారణ మెజారిటీ చాలు. సవరణలు ఉండవు. అందులో ఒకే వాక్యం: ఈ నిబంధనకు కాంగ్రెస్ ఆమోదం లేదు, ఇది చెల్లదు. అంతకన్నా పెద్ద సంగతి, ఒకసారి అలా కొట్టేస్తే, కాంగ్రెస్ కొత్తగా చట్టం చేస్తే తప్ప, దాదాపు అదే పోలికలున్న మరో నిబంధన తెచ్చే అధికారం ఆ సంస్థకు ఉండదు. రేపు మరో బౌల్డర్ జరిగినా, మరో నాష్‌విల్ జరిగినా ఏటీఎఫ్ చేతులు కట్టుకుని కూర్చోవాలి. కాంగ్రెస్ కొత్త చట్టం చేస్తుందా? శాండీ హుక్ స్కూల్లో కాల్పులకు ఇరవై మంది చిన్నారులు చనిపోయాక కూడా చేయలేకపోయిన కాంగ్రెస్ ఇది. లోపాలున్న నిబంధనను సరిదిద్దొచ్చు. కొట్టేసిన నిబంధనను సరిదిద్దలేం.

ఇది ఊహ కాదు. 2017లో ఇలాగే జరిగింది. మానసిక అనారోగ్యం కారణంగా సోషల్ సెక్యూరిటీ వైకల్య భృతి తీసుకుంటూ, డబ్బు వ్యవహారాలు మరొకరు చూసుకోవలసిన స్థితిలో ఉన్నవాళ్ల పేర్లను తుపాకీ కొనుగోలు తనిఖీ జాబితాకు పంపాలన్న నిబంధనను ఇదే చట్టంతో కొట్టేశారు. ఆ ఫిబ్రవరి 28న అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టారు. ఆ నిబంధన బాగా లేదని పౌరహక్కుల సంఘాల్లోనూ కొందరన్నారు, నిజమే. అయితే దాన్ని బాగుచేసి మళ్లీ తెచ్చే దారే లేకుండా పోయింది. ఆరేళ్లయినా ఏదీ రాలేదు.

“అధ్యక్షుడు బైడెన్ వీటో చేస్తానన్నారు కదా, భయమేముంది?” అని చదువుకున్నవాళ్లు అడుగుతున్నారు. వీటో ఉంది, దాన్ని దాటాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతుల మంది కావాలి, అంతమంది లేరు. ఒప్పుకుంటాం. కానీ రెండు సభలూ కొట్టేసిన నిబంధనను వీటో ఒక్కటే నిలబెడుతోందని తేలితే, కోర్టుల్లో దాన్ని సవాలు చేస్తున్నవాళ్ల గొంతు పెరుగుతుంది. వచ్చే ఏడాది ఎన్నికలున్నాయి, అధ్యక్షుడి కుర్చీలో ఎవరుంటారో ఎవరికీ తెలియదు. తీర్మానం సెనేట్‌లోనే ఓడితే ఆ ఓటమి రికార్డులో ఉంటుంది. పైగా కొత్త నిబంధనల మీద ఈ సులువు దారి కొంతకాలమే తెరిచి ఉంటుంది. ఇప్పుడు దాటనివ్వకపోతే మళ్లీ ఇదే దారిన రావడం కష్టం.

సెనేట్ లెక్క చూడండి. డెమొక్రాట్లు, వాళ్లతో కలిసి నడిచే స్వతంత్రులు 51. రిపబ్లికన్లు 49. డెమొక్రాట్ల వైపు నుంచి ఇద్దరు జారితే చాలు, తీర్మానం నెగ్గుతుంది. వెస్ట్ వర్జీనియాలో జో మాంచిన్, మోంటానాలో జాన్ టెస్టర్, అరిజోనాలో కిర్‌స్టెన్ సినిమా మీద ఒత్తిడి ఉంది. అరిజోనాలో, ముఖ్యంగా ఛాండ్లర్, గిల్బర్ట్ వైపు, మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మీ మరదలో బావగారో అక్కడ ఉంటే ఈ కాగితం ఫొటో తీసి పంపండి. మోర్గన్‌టౌన్‌లో ఎంఎస్ చదివే మీ మేనల్లుడికి పంపండి. అక్కడ వాడిదొక్క ఫోన్ ఇక్కడ మన పది ఫోన్లతో సమానం.

ఇక మన సెనేటర్లు. జాన్ కార్నిన్ పార్టీ తీర్మానం వైపే ఉంది. అయినా కార్నిన్‌కు ఫోన్ చేయమనే అడుగుతున్నాం. ఉవాల్డే బడిలో కాల్పులకు పందొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక, నిరుడు జూన్‌లో రెండు పార్టీలనూ కూర్చోబెట్టి తుపాకీ భద్రతా చట్టం తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. అందుకు హ్యూస్టన్‌లో సొంత పార్టీ మహాసభలోనే ఆయన్ని గేలిచేశారు. ఆయన నిలబడ్డారు. ఆ పని చేసిన మనిషికి “నిరుడు మీరు చేసింది మాకు గుర్తుంది” అని చెప్పేవాళ్లు ఉండాలి. టెడ్ క్రూజ్ వచ్చే ఏడాది మళ్లీ మన ఓట్ల కోసం రావాలి. కాలిన్ కౌంటీలో తెలుగు ఇళ్లు ఎన్నో ఆయన ఆఫీసుకూ తెలియాలి.

హెచ్‌1బీ మీద ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకు ఓటు లేదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. అంటే తుపాకీ కొనే హక్కు లేదు, తుపాకీ ముందు నిలబడే ప్రమాదం మాత్రం అందరితో సమానం. 2020 జనాభా లెక్కల్లో మిమ్మల్నీ మీ పిల్లల్నీ లెక్కపెట్టారు. ఆ లెక్కతోనే టెక్సాస్‌కు ప్రతినిధుల సభలో రెండు సీట్లు పెరిగి 38 అయ్యాయి. మీ తలకాయలు లెక్కకు పనికొచ్చినప్పుడు మీ మాట వినడానికేం? వీసా కాగితాలు ఇరుక్కుపోతే సెనేటర్ ఆఫీసుకు మెయిల్ పెట్టడం మనకు కొత్త కాదు. అదే ఆఫీసు, అదే ఫోన్. ప్రభుత్వానికి విన్నవించుకోవడం ఇక్కడి రాజ్యాంగం మొదటి సవరణలో రాసి ఉన్న హక్కు.

మనలో తుపాకీ ఉన్నవాళ్లూ ఉన్నారు. గ్రీన్ కార్డు వచ్చాక ఇంటి భద్రత కోసమో, పెట్రోలు బంకు, కిరాణా కొట్టు నడుపుతూ రాత్రుళ్లు ఒంటరిగా ఉండాల్సి వచ్చో కొనుక్కున్నవాళ్లు. మీరు మాకు పరాయివాళ్లు కారు, ఈ కాగితం మీ మీద కాదు. మీ దగ్గర బ్రేస్ ఉన్న ఏఆర్ పిస్టల్ ఉండి నమోదు చేయించకపోతే ఆలస్యం చేయకండి. బ్రేస్ తీసేసి మళ్లీ తగిలించలేకుండా చేయడం, 16 అంగుళాల గొట్టం వేయించడం, అప్పగించడం లాంటి దారులున్నాయి. మీ కేసుకు ఏది వర్తిస్తుందో లాయర్‌ను అడగండి. పౌరసత్వం రానివాళ్లకు తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. ఇది మిమ్మల్ని బెదిరించడానికి రాసింది కాదు, ఇంటి మనుషులుగా చెబుతున్నాం.

మన ఊళ్లలో ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్న తుపాకీని కూడా తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునే పద్ధతి చూసి పెరిగాం. ఈ దేశం తీరు వేరు, ఇక్కడి రాజ్యాంగం వేరు. దాన్ని గౌరవిస్తూనే అడుగుతున్నాం: 1934 నుంచి ఉన్న నమోదును తప్పించుకునే సందు మూసేయడం ఎవరి హక్కునూ హరించదు.

ఇప్పుడు చేయవలసింది. కాపిటల్ స్విచ్‌బోర్డు నంబరు 202-224-3121. టెక్సాస్ సెనేటర్ కార్నిన్ ఆఫీసుకు కలపమనండి. మీ పేరు, ఊరు, జిప్ కోడ్ చెప్పండి. “సెనేట్ జాయింట్ రెజల్యూషన్ 20కి ‘నో’ ఓటు వేయమని కోరుతున్నాను. బ్రేస్ నిబంధనను కొట్టేయొద్దు” అనండి. అంతే. ఫోన్ ఎత్తిన కుర్రాళ్లు మీతో వాదించరు, రాసుకుంటారు. ఎవరూ ఎత్తకపోతే వాయిస్ మెయిల్ పెట్టండి. ఇంగ్లిష్ తడబడినా ఫర్వాలేదు, జిప్ కోడ్ తడబడకపోతే చాలు. పెట్టేసి మళ్లీ చేసి క్రూజ్ ఆఫీసు అడగండి. భార్యాభర్తలు ఇద్దరూ విడివిడిగా చేయండి. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు ఫోన్ చేయనక్కర్లేదు. కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడూ చేసేదాకా వాళ్ల వెంటపడండి.

గుడిలో, ఇండియన్ స్టోరులో, వాలీబాల్ కోర్టులో, పిల్లల డ్యాన్స్ క్లాసు బయట ఈ కాగితం మరో ఇద్దరికివ్వండి. తెలుగు సంఘాల పెద్దలకు ప్రత్యేకంగా విన్నపం: సభలకు సెనేటర్లను, ప్రతినిధులను పిలిచి శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. ఈసారి వేదిక మీదే ఈ ఓటు గురించి అడగండి. జవాబు సభకు వినిపించండి.

సెనేట్‌లో ఓటు పడకముందే మన ఫోన్ మోగాలి. 202-224-3121. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు చేయండి.

ఇట్లు,
ఉత్తర టెక్సాస్‌లోని కొందరు తెలుగు తల్లిదండ్రులు